“దేవుడు ఉన్నాడా?” ఒక్క మాటలో దాగిన మూడు ప్రశ్నలు



“ఇంజనీరింగ్ చదివావు, సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నావు, ఇంకా దేవుడిని నమ్ముతావా?” ఈ మాట మనలో చాలామంది ఆఫీస్ క్యాంటీన్‌లోనో, హాస్టల్ రూమ్‌లోనో వినే ఉంటారు. దీనికి జోడీగా ఇంట్లో ఇంకో మాట వినపడుతుంది. “నాలుగు అక్షరాలు వచ్చేసరికి దేవుడు లేడంటావా?” రెండూ ప్రశ్నల్లాగే ఉంటాయి, కానీ జవాబు వినాలని అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఆ సంభాషణ రెండు నిమిషాల్లో గొడవగా మారిపోతుంది. లేదంటే ఎవరో ఒకరు ఫోన్ తీసుకుని పక్కకి వెళ్ళిపోతారు.

నాకు అనిపించేది ఏంటంటే, “దేవుడు ఉన్నాడా” అనే ఒక్క మాట వెనక కనీసం మూడు వేరు వేరు ప్రశ్నలు ఉన్నాయి. ఒకరు “ఇది నిజమేనా?” అని అడుగుతున్నారు. ఇంకొకరు “ఇది న్యాయమేనా?” అని అడుగుతున్నారు. మూడో వ్యక్తి “ఈ నమ్మకం మనుషుల్ని ఏం చేస్తోంది?” అని అడుగుతున్నారు. మనం ఎవరు ఏది అడుగుతున్నారో చూడకుండా అందరికీ ఒకే జవాబు ఇచ్చేస్తాం. న్యాయం గురించి అడిగినవాళ్ళకి లాజిక్ చెప్తాం, లాజిక్ అడిగినవాళ్ళకి పాపం తగులుతుంది అంటాం. ఇవాళ ఈ మూడింటినీ విడదీసి చూద్దాం.

మొదటి ప్రశ్న: నిజమేనా?

ముందుగా ఒక విషయం. ఈ ప్రశ్న మనకి బయటి దేశాల నుంచి వచ్చింది అనుకోవద్దు. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఉంది. సృష్టి ఎలా మొదలైందో ఎవరికి తెలుసు అని అడుగుతూ వెళ్ళి, చివరికి పైనుంచి చూస్తున్నవాడికైనా తెలుసో లేదో అనే సందేహం దగ్గర ఆగిపోతుంది. ఆ సందేహాన్ని మన పెద్దలు వేదంలోంచి తీసేయలేదు. తరతరాలుగా స్వరం తప్పకుండా కంఠస్థం చేసి మన దాకా తెచ్చారు.

“నాస్తికుడు” అనే మాట కూడా చూడండి. ఇప్పుడు మనం దేవుడిని నమ్మనివాళ్ళని అలా పిలుస్తున్నాం. కానీ మన దర్శనాల లెక్కలో నాస్తికుడు అంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక ప్రకృతి, పురుషుడు మొదలైన 25 తత్త్వాలతో ప్రపంచాన్ని వివరిస్తుంది. అందులో సృష్టికర్త అయిన ఈశ్వరుడికి చోటు లేదు. పూర్వమీమాంసకులకు యజ్ఞం, వేదవాక్యం ముఖ్యం. లోకాన్ని తయారుచేసిన కర్త ఒకడు ఉండాలి అని వాళ్ళు ఒప్పుకోలేదు. అయినా ఈ రెండూ ఆస్తిక దర్శనాలే.

ఈ విషయంలో మనవాళ్ళ మధ్య జరిగిన వాదన చాలా గట్టిది. పదో శతాబ్దం ప్రాంతంలో మిథిలకి చెందిన ఉదయనాచార్యుడు ఈశ్వరుడు ఉన్నాడని నిరూపించడానికే న్యాయకుసుమాంజలి రాశాడు. ఆయన వాదనల్లో ముఖ్యమైనది మనకి తేలిగ్గా అర్థమవుతుంది. కుండ ఉంటే కుమ్మరి ఉండాలి. ఈ భూమి కూడా ఒక కార్యమే, అంటే తయారైన వస్తువే. కాబట్టి దానికీ ఒక కర్త ఉండాలి.

వినగానే కరెక్టే కదా అనిపిస్తుంది. కానీ ఆయనకంటే సుమారు మూడు వందల ఏళ్ళ ముందే కుమారిల భట్టు ఇలాంటి వాదనని ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. కుమ్మరికి శరీరం ఉంది, చేతులు ఉన్నాయి. శరీరం లేకుండా ఆ మొదటి కర్త ఎలా చేశాడు? శరీరం ఉందంటే దాన్ని ఎవరు చేశారు? దయతో సృష్టించాడు అంటారా? అప్పటికి ఇంకా ఎవరూ పుట్టలేదు కదా, దయ ఎవరి మీద? దయే కారణమైతే సుఖం మాత్రమే ఉన్న లోకాన్ని చేయకుండా ఈ కష్టాలన్నీ ఎందుకు? ఇవి అడిగింది వేదాన్ని ప్రాణంగా చూసుకున్న మీమాంసకుడు అని గుర్తుపెట్టుకోండి.

మరి ఎవరు గెలిచారు? నిజాయితీగా చెప్పాలంటే, వెయ్యేళ్ళు దాటినా ఎదుటివాళ్ళు నోరు మూసుకునేంత రుజువు ఏ వైపు నుంచీ రాలేదు. కోడ్ రాసేవాళ్ళకి ఈ పరిస్థితి కొత్త కాదు. వంద టెస్టులు పాస్ అయితే ఆ వంద చోట్ల తప్పు దొరకలేదని అర్థం. ఎక్కడా తప్పు లేదని రుజువైనట్టు కాదు. కంటికి కనపడలేదు కాబట్టి లేడు అనడం ఎంత తొందరపాటో, కుండ ఉంది కాబట్టి కుమ్మరి ఉన్నట్టే దేవుడూ ఉన్నాడు, విషయం తేలిపోయింది అనడం కూడా అంతే తొందరపాటు.

ఇంకో వాదన తరచూ వింటాం. “నువ్వు ఈ ఇంట్లో పుట్టావు కాబట్టి వెంకన్నని నమ్ముతున్నావు, వేరే దేశంలో పుడితే వేరే దేవుడిని నమ్మేవాడివి.” ఇందులో నిజం ఉంది, కాదనలేం. మనలో ఎక్కువమంది భక్తికి మొదటి కారణం అమ్మ చెయ్యి పట్టుకుని గుడికి వెళ్ళడమే. కానీ ఒక నమ్మకం నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్తే, అది నిజమో అబద్ధమో తేలిపోదు. ఎక్కాలు కూడా నాకు ఇంట్లోనే నేర్పారు. అలాగే పుస్తకాల వల్లో, స్నేహితుల వల్లో దేవుడు లేడనే మాట అబ్బినవాళ్ళూ ఉన్నారు. ఎలా అబ్బింది అన్నది ఒక సంగతి. పెద్దయ్యాక దాన్ని మనం సొంతంగా పరీక్షించుకున్నామా లేదా అన్నది ఇంకో సంగతి.

“సైన్స్ చదివితే దేవుడు పోతాడు” అనే మాట కూడా నిలబడదు. శ్రీనివాస రామానుజన్, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఇద్దరూ తమిళ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరూ కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీలో పనిచేసినవాళ్ళు. రామానుజన్ తన గణితాన్ని నామగిరి అమ్మవారి దయగా చెప్పుకునేవాడు. 1983లో నోబెల్ అందుకున్న చంద్రశేఖర్ తను నాస్తికుడిని అని చెప్పుకున్నాడు. ఇద్దరి లెక్కలూ సరైనవే.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. ప్రయోగానికి ముందు ఇస్రో అధికారులు తిరుమల వెళ్ళి రాకెట్ నమూనాని స్వామి పాదాల దగ్గర పెట్టడం ఏళ్ళుగా వార్తల్లో చూస్తున్నాం. 2019 జులై 15న చంద్రయాన్-2 కౌంట్‌డౌన్‌లో ఇంకో 56 నిమిషాలు ఉండగా సాంకేతిక లోపం కనిపించింది. స్వామి చూసుకుంటాడులే అని ఎవరూ వదిలేయలేదు. ఆపేసి, సరిచేసి, జులై 22న పంపారు. దండం పెట్టడం, చెక్ చేయడం రెండూ ఒకే మనిషిలో ఉండగలవు. అయితే ఒకటి చేశాం కాబట్టి రెండోది అక్కర్లేదు అనుకుంటేనే ప్రమాదం.

రెండో ప్రశ్న: న్యాయమేనా?

చాలామంది దేవుడికి దూరమయ్యేది తర్కం వల్ల కాదు, దెబ్బ తగలడం వల్ల.

2021 మే నెలలో, సెకండ్ వేవ్‌లో మా బాబాయి పోయారు. 11 రోజులు హాస్పిటల్‌లో ఉన్నారు. ఆ 11 రోజులూ మా పిన్ని రోజుకి 11 సార్లు హనుమాన్ చాలీసా చదివింది. బాబాయి పోయాక పూజగది తలుపు వేసేసింది. మళ్ళీ తియ్యలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళలో కొందరు “అంతా కర్మ అమ్మా” అన్నారు. ఇంకొందరు “దీపం మానకూడదు, ఇంటికి మంచిది కాదు” అన్నారు. చివరికి మా నాయనమ్మే అందరికీ చెప్పింది. “నా కొడుకు పోయాడు, నేను దీపం పెడుతున్నాను. దాని మొగుడు పోయాడు, అది పెట్టట్లేదు. మధ్యలో మీకేంటి నష్టం?” ఇప్పటికీ కార్తీకమాసంలో పిన్ని వాళ్ళింటికి వెళ్తే నాయనమ్మ తులసికోట దగ్గర తనే దీపం పెట్టుకుంటుంది. పిన్నిని రమ్మని పిలవదు.

పిన్ని అడిగిన ప్రశ్న మన శాస్త్రాల్లో ఉంది. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలో ఈశ్వరుడి మీద రెండు ఆరోపణలు వస్తాయి. ఒకటి పక్షపాతం, రెండోది నిర్దయ. కొందరికి సుఖం, కొందరికి దుఃఖం ఇచ్చేవాడిని న్యాయవంతుడని ఎలా అంటాం? ఈ ఆరోపణని ఎవరో శత్రువు మీద పెట్టి వెక్కిరించలేదు, సీరియస్‌గానే తీసుకున్నారు. జీవుల కర్మని బట్టి ఫలం ఇస్తాడు కాబట్టి దోషం లేదు అని జవాబు. అన్నిటికంటే మొదట కర్మ లేదు కదా అని వెంటనే ఇంకో ఆక్షేపణ. సంసారానికి మొదలు అంటూ లేదు అని దానికి జవాబు. శంకరాచార్యులు దీన్ని వివరంగా చర్చించారు.

ఈ జవాబు సంతృప్తిగా ఉందా లేదా అన్నది మీ ఇష్టం. నేను చెప్పదలుచుకున్నది వేరే. కర్మ సిద్ధాంతం నేను నా వైపు తిప్పుకుని చూసుకోవడానికి పనికొస్తుంది. ఇప్పుడు నేను చేసే పనికి ఫలం ఉంటుంది, జాగ్రత్తగా చేయాలి అనుకోవడానికి. అదే మాట భర్త పోయిన మనిషి ముందు కూర్చుని చెప్తే అది శాస్త్రం కాదు. ఆవిడ ఏదో తప్పు చేసిందని పరోక్షంగా అనడమే. ఏడుస్తున్న మనిషికి సిద్ధాంతం చెప్పడం మనకి తేలిక, ఎందుకంటే అక్కడితో మన బాధ్యత తీరిపోతుంది. పక్కన కూర్చుని పిల్లల ఫీజు సంగతి, ఇన్సూరెన్స్ కాగితాల సంగతి చూడటం కష్టం.

దేవుడి మీద కోపం భక్తికి వ్యతిరేకం కాదు అనడానికి మనకి భద్రాచల రామదాసు కంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. కంచర్ల గోపన్న గుడి కట్టించి, ఆ డబ్బు విషయంలోనే గోల్కొండ కోటలో ఖైదీ అయ్యాడు. అక్కడినుంచి రాముడితో అతను మాట్లాడిన తీరు మనందరికీ తెలుసు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని వరహాలు ఖర్చయ్యాయో లెక్క అప్పజెప్తాడు. ఇంత చేస్తే నువ్వు నా వైపు చూడవా అని నిలదీస్తాడు. కులుకుతున్నావు, ఎవరి సొమ్ము అనేంత దూరం వెళ్తాడు. తర్వాత, దెబ్బలు తట్టుకోలేక తిట్టాను అని కూడా చెప్పుకుంటాడు. ఆ తిట్లని మనం ఏం చేశాం? కీర్తనలుగా గుళ్ళో పాడుకుంటున్నాం.

రామదాసు తిట్టి కూడా నమ్మాడు. మా పిన్ని మాట్లాడటమే మానేసింది. ఆవిడ కూడా లోపల భక్తురాలేలే అని నేను అనను. అలా అనడం ఆవిడ కష్టాన్ని మన సౌకర్యం కోసం మార్చుకోవడమే. ఆవిడ కాదంది, దానికి ఆవిడకి కారణం ఉంది. ఒక కుటుంబంగా మేము ఆ కారణాన్ని గౌరవించగలమా అన్నదే మా ముందున్న పరీక్ష.

మూడో ప్రశ్న: ఈ నమ్మకం మనుషుల్ని ఏం చేస్తోంది?

ఇది మూడింటిలోనూ మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఎందుకంటే ఇక్కడ అడిగేవాళ్ళు దేవుడి గురించి కంటే మన గురించి ఎక్కువ అడుగుతున్నారు.

విజయవాడలో నాస్తిక కేంద్రం ఉందని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. దాన్ని స్థాపించిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, బోటనీ చదివి, కాలేజీల్లో పాఠాలు చెప్పినవాడు. తన నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆ కేంద్రాన్ని మొదలుపెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. గోరా, ఆయన భార్య సరస్వతి గోరా చేసిన పనిలో పెద్ద భాగం అంటరానితనం మీద పోరాటం. అన్ని కులాలవాళ్ళూ కలిసి కూర్చుని తినే సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు. దేవుడి పేరు, పూర్వజన్మ పేరు చెప్పి మనిషిని దూరంగా నిలబెడుతున్నారు కాబట్టి ఆ పేరే వద్దు అన్నది ఆయన వాదనలో ముఖ్యమైన భాగం.

1944లో గోరా సేవాగ్రామ్ వెళ్ళి గాంధీని కలిశారు. కలకత్తా పేవ్‌మెంట్ మీద, తినుబండారాల దుకాణాల ఎదురుగా, ఆకలితో చచ్చిపోతున్న మనుషులని చూసిన సంగతి ఆయనకి చెప్పారు. అవి బెంగాల్ కరువు రోజులు. ఎదురుగా తిండి ఉన్నా అంతా తలరాత అనుకుని వాళ్ళు ఊరుకున్నారని, ఆ తలరాత అనే నమ్మకమే వాళ్ళ చేతులు కట్టేసిందని గోరా ఉద్దేశం. గాంధీ ఆయన్ని వెళ్ళగొట్టలేదు. ఎవరి దారి ఒప్పో తను తేల్చి చెప్పలేనని, ఇద్దరూ సత్యాన్ని వెతికేవాళ్ళే అన్న అర్థంలో మాట్లాడారు. తర్వాత గోరా పెద్దమ్మాయికి ఒక దళిత యువకుడితో పెళ్ళి నిశ్చయమైతే, సేవాగ్రామ్‌లో దేవుడి పేరు బదులు సత్యం పేరుతో ఆ పెళ్ళి జరిపించడానికి కూడా ఒప్పుకున్నారు. పెళ్ళి 1948 మార్చిలో జరిగింది. అప్పటికి గాంధీ లేరు. ఈ సంభాషణలన్నీ గోరా ఇంగ్లీషులో రాసిన పుస్తకంగా 1951లో వచ్చాయి. దాన్ని ప్రచురించింది గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే.

నేను గోరాతో చివరిదాకా ఏకీభవించను. తలరాత అని కూర్చోబెట్టిన నమ్మకం ఉంది, నిజమే. కానీ కూర్చున్నవాడిని లేపిన నమ్మకం కూడా ఉంది. గాంధీ అంటరానితనాన్ని ఎదిరించింది కూడా తన దేవుడి పేరు మీదే. అయినా గోరా ప్రశ్నకి పుస్తకంలోంచి శ్లోకం తీసి జవాబు చెప్పలేం. మన అపార్ట్‌మెంట్‌లో పనిమనిషికి వేరే లిఫ్ట్, వేరే గ్లాసు ఉన్నంతకాలం, అదే ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఎంత బాగా జరిగినా, ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. దీనికి జవాబు చేతల్లోనే ఇవ్వాలి.

మరి సంశయాత్ముడు నశిస్తాడు అన్నారు కదా?

ఈ మాట చాలామంది వాడతారు. గీత నాలుగో అధ్యాయం 40వ శ్లోకంలో సంశయాత్ముడి గురించి హెచ్చరిక ఉంది, నిజమే. కానీ అదే అధ్యాయంలో ఆరు శ్లోకాల ముందు, 34వ శ్లోకంలో, జ్ఞానం కావాలంటే నమస్కరించి, సేవ చేసి, బాగా ప్రశ్నించి తెలుసుకోమని ఉంది. రెండూ కలిపి చదవాలి. ప్రశ్న అడగడం వేరు, ఎప్పటికీ ఏ వైపూ అడుగు వేయకుండా ఊగుతూ ఉండిపోవడం వేరు. ఆ రెండో స్థితిలో మనిషికి ఇక్కడా సుఖం లేదు, అక్కడా లేదు. అది ఆస్తికుడికీ వర్తిస్తుంది, నాస్తికుడికీ వర్తిస్తుంది. ఇక పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి అంతా చెప్పేసి, దీన్ని పూర్తిగా ఆలోచించి నీకు ఎలా అనిపిస్తే అలా చెయ్యి అంటాడు. స్వయంగా భగవంతుడే ఎదుటివాడికి అంత స్వేచ్ఛ ఇస్తే, మన ఇంట్లో తమ్ముడికో చెల్లికో మనం ఎందుకు ఇవ్వలేకపోతున్నాం?

ఇంత చెప్పాక, మరి నువ్వెందుకు నమ్ముతున్నావు అని మీరు అడగొచ్చు. నా దగ్గర రుజువు లేదు. నాకు వచ్చినవాటిలో చాలా నేను సంపాదించుకున్నవి కావు. అమ్మానాన్న, ఈ భాష, పొద్దున్నే లేవగలిగే ఆరోగ్యం. వీటికి థాంక్స్ చెప్పాలనిపిస్తుంది, అది ఎవరికి చెప్పాలో వెతికితే నా చెయ్యి దీపం వైపు వెళ్తుంది. నా నాస్తిక ఫ్రెండ్ ఒకడు అంటాడు, “ఆ థాంక్స్ ఏదో మీ అమ్మకి చెప్పు, నీకు నీళ్ళ బిందె తెచ్చినవాడికి చెప్పు” అని. బాగానే ఉంది ఆ సలహా. ఇప్పుడు వాళ్ళకీ చెప్తున్నాను, దీపమూ పెడుతున్నాను.

ఈసారి ఎవరైనా మీతో “దేవుడు లేడు” అంటే వెంటనే వాదన మొదలుపెట్టకండి. వాళ్ళు ఏ ప్రశ్నకి ఆ జవాబు ఇస్తున్నారో అడగండి. నిజం గురించి అయితే కూర్చుని మాట్లాడుకోండి, ఉదయనాచార్యుణ్ణీ కుమారిల భట్టునీ ఇద్దర్నీ చదవండి. న్యాయం గురించి అయితే ముందు వాళ్ళకి ఏం జరిగిందో వినండి. మనుషుల గురించి అయితే మన ఇంట్లో, మన గుడిలో ఏం జరుగుతోందో ఒకసారి చూసుకోండి. అలాగే “ఉన్నాడు” అని మనం అంటున్నప్పుడు కూడా ఇదే అడుగుకోవాలి. ఆలోచించి అంటున్నామా, భయంతో అంటున్నామా, అలవాటుగా అంటున్నామా?